కల్వర్టు అవతల

జానెడు పొడవున్న తారు దిమ్మను రుక్సానా రెండు చేతులా పట్టుకుని యంత్రం పళ్ళెంలో పడుకోబెట్టింది. మూత వేసి మీట నొక్కింది. యంత్రం సన్నగా గొణగడం మొదలుపెట్టింది.

"ఇదే ఆఖరిది సార్. ముసలమ్మ ఏమంటుందో చూద్దాం," అంది.

ల్యాబులో అందరూ ఆ యంత్రాన్ని ముసలమ్మ అనే పిలుస్తారు. నలభై ఏళ్ళ కిందటి పెళ్ళిలో ఎవరు ఏ బంతిలోంచి అలిగి లేచిపోయారో మరిచిపోని ముసలమ్మ ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. ఇదీ అలాంటిదే. తారు రోడ్డు చూడ్డానికి గట్టిగా ఉంటుంది గాని, పూర్తిగా ఎప్పుడూ గట్టిపడదు. ఎండాకాలం మెత్తబడుతుంది, చలికాలం బిగుసుకుంటుంది. ఏడాదికొక పొర చొప్పున ఎండలన్నీ దాని లోపల అచ్చుపడి ఉంటాయి. రెండు బండ్లు గుద్దుకున్నప్పుడు పుట్టే వేడికీ అదురుకీ కంకర్రాళ్ళలోని ఇనుప రేణువులు ఒక్కసారిగా ఒక దిక్కుకు తిరిగి, అలాగే ఉండిపోతాయి. మామూలుగా దొర్లిపోయిన లక్షల చక్రాల గీతల్లోంచి ఆ ఒక్క గాటును వెతికి చదవడం జోగేశ్వరరావు కనిపెట్టాడు. అందుకు అతనికి ఐదేళ్ళు పట్టింది.

సోమవారం నుంచి గొల్లమెరక జంక్షన్ పక్కన గాజు తెర ఒకటి నిలబడుతుంది. అక్కడ ఏ ఏడు ఏ బండి దేన్ని గుద్దిందో, ఎవరికి ఎంత దెబ్బ తగిలిందో దారినపోయేవాళ్ళు ఎవరైనా వేలితో తాకి చూసుకోవచ్చు. కొత్త చట్టం ప్రకారం రోడ్డు మీది రికార్డు ప్రజలది. తారు చెప్పినదాని పక్కన అప్పట్లో కాగితం ఏం చెప్పిందో, ఆ కాగితం మీద సంతకం ఎవరిదో కూడా కనిపిస్తుంది. ఆ పక్క గడి ఉండి తీరాలని కమిటీలో పట్టుబట్టినవాడు జోగేశ్వరరావే. ఎందుకు పట్టుబట్టాడో అప్పుడు అతనికే సరిగ్గా తెలియలేదు. శాస్త్రం కోసం అనుకున్నాడు.

"సార్, ఎనిమిదో నంబరు వచ్చేసింది," అని రుక్సానా కుర్చీని తెర వైపు తిప్పింది.

జోగేశ్వరరావు లేవలేదు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"తొమ్మిదేళ్ళ కిందటిది. జూన్ నెల. స్కూటర్, లారీ. స్కూటరేమో డివైడర్ ఖాళీలో ఆగి ఉంది సార్, నలభై సెకన్ల పైనే. చక్రాల పక్కన ఎడమ వైపు చూడండి, చిన్న అదుము. ఆడవాళ్ళ చెప్పు మడమ. పాపం, ఆవిడ కాలు కింద పెట్టుకుని మరీ ఆగింది. లారీయే వచ్చి కొట్టింది." పక్క గడి చదివి రుక్సానా నవ్వింది. "కాగితం చూడండి. కల్వర్టుకు తూర్పున నూట ఎనభై మీటర్ల దూరంలో, స్కూటర్ ఎదురుదారిలో వచ్చినందువల్ల, అట. అక్కడ డివైడర్‌కి ఖాళీయే లేదు కదా సార్. అందుకని ఆవిడని రాంగ్ సైడ్‌లో రప్పించారు. ఎవరు సార్ ఈ మహానుభావుడు? రోడ్డెక్కి చూశాడా అసలు?"

"పేర్లు సోమవారం గాని జతపడవు."

"ఎనిమిదికి ఎనిమిదీ కల్వర్టు అవతలే రాశారు. ఒకటి రెండొందల మీటర్లట, ఒకటి ఆరొందలట, ఒకటి కిలోమీటరున్నరట. జంక్షన్‌లో మాత్రం చీమైనా చావలేదు. ఆ కల్వర్టు అవతల దెయ్యం గాని ఉందా సార్?"

"ఉన్నట్టే ఉంది," అన్నాడు జోగేశ్వరరావు.

అద్దాలు పెట్టుకుని, సొరుగులోంచి ఒక ఫారం తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. దెబ్బ తగిలిన కుటుంబం కోరితే వాళ్ళ నంబరు ఒక్కటీ జనానికి కనబడకుండా మూసేయవచ్చు. ఆఫీసులో దాన్ని మూత దరఖాస్తు అంటారు. గడువు రేపు శనివారం సాయంత్రం ఐదింటి వరకు.

*

పదకొండేళ్ళ కిందట అతను ఆ రోడ్డు మీద జూనియర్ ఇంజనీరు. ప్రమాదం జరిగినప్పుడల్లా పోలీసులతో కలిసి వెళ్ళి, టేపు పట్టి కొలిచి, స్థలం ఇదీ అని సంతకం పెట్టేవాడు. మూడేళ్ళలో ఒకే చోట ఐదు పెద్ద ప్రమాదాలు పడితే ఆ చోటు ఎర్ర జాబితాలోకి ఎక్కుతుంది. అప్పుడు డివైడర్ ఖాళీ మూసేయాలి, సిగ్నల్ పెట్టాలి, దారి మూశారని పక్కనున్న సంతవాళ్ళు ధర్నా చేస్తారు, పైనుంచి వచ్చే ప్రశ్నలకు ఏడాదిపాటు జవాబులు రాయాలి. కల్వర్టు దాటితే మరో డివిజన్. అక్కడి ఇంజనీరు ముత్యాలరావు మంచి స్నేహితుడు. అతని వైపు ఒక పాడు మలుపు ఉండేది. నీ మలుపుది నువ్వు ఇవతల పడ్డట్టు రాసుకో, నా జంక్షన్‌ది నేను అవతల పడ్డట్టు రాసుకుంటాను అని టీ కొట్టు దగ్గర నవ్వుతూ అనుకున్నారు. ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. ఒకే చోట ఐదు పడకుండా అటూ ఇటూ చల్లేవారు, అంతే. దాన్ని అబద్ధమని అతను ఏనాడూ అనుకోలేదు. ఇంట్లో చెత్తను తలుపు వెనక్కి ఊడ్చేవాడికి తాను దొంగననిపించదు. అతనికీ అలాగే ఉండేది.

రెండేళ్ళలో ఏడు అలా అవతలికి పోయాయి. వాటిలో మొదటి ఐదూ కల్వర్టు దాటకుండా ఉండి ఉంటే జంక్షన్‌లో సిగ్నల్ వెలిగేది. ఎనిమిదోది పొద్దున్నే బడికి వెళ్తున్న అతని భార్య ఝాన్సీ, ఎనిమిదేళ్ళ కూతురు కుందన.

ఆ రోజు అతను ఆస్పత్రి వరండాలో ఉండగా ముత్యాలరావు ఫోన్ చేశాడు. "మనవాళ్ళదే కదా, నీకు మళ్ళీ తలనొప్పెందుకు, అవతల రాసేస్తున్నాను," అన్నాడు.

లోపల కూతురి తొడ ఎముకకు ఆపరేషన్ జరుగుతోంది. జోగేశ్వరరావు "మంచిది," అన్నాడు.

*

ఇంటికి వచ్చేసరికి ఝాన్సీ సోఫాలో కుందన కాలు ఒళ్ళో పెట్టుకుని నువ్వులనూనె రాస్తోంది. పదిహేడేళ్ళు వచ్చినా ఆ పిల్లకు సాయంత్రం ఆ అరగంటా తప్పదు. ఎడమ కాలు కుడిదానికంటే అంగుళమున్నర పొట్టి.

"నాన్నా, సోమవారం మా క్లాసంతా ఆ తెర దగ్గరికే," అంది కుందన. "నా కాలు స్టారైపోతోంది. ఆటోగ్రాఫులు ఎడమ కాలితోనే ఇస్తానని చెప్పాను."

"ఊరుకోవే," అంది ఝాన్సీ. తల ఎత్తలేదు. "ఏవండీ, ఏదో ఫారం ఉంటదన్నారుగా. తెచ్చారా?"

అతను జేబులోంచి తీశాడు.

"ముయ్యించెయ్యండి. టైమైపోతందని నేను రాంగ్ సైడ్లో దూరిపోయిన సంగతి ఊరంతా చూడక్కర్లేదు."

"అమ్మా, మళ్ళీ మొదలెట్టకు."

"మొదలెట్టేదేముందే. ఉన్న మాట. కల్వర్టు దాటేశాను. మళ్ళీ అంత దూరం పోయి తిరగాలా అనిపించింది. నీ టిఫిన్ డబ్బా ముందు బుట్టలో గలగలలాడతంది. మూత సరిగ్గా పెట్టానో లేదో అనుకుంటా బండి తిప్పేశాను." ఝాన్సీ నూనె చేతిని కొంగుకు తుడుచుకుంది. "ఇప్పుడు జరిగినట్టుంది నాకు."

జోగేశ్వరరావు గుమ్మం దగ్గరే నిలబడి విన్నాడు. తలకు తగిలిన దెబ్బ వల్ల ఆ పొద్దుటిది ఏదీ గుర్తు రాదని డాక్టరు అప్పుడే చెప్పాడు. మొదటి ఏడాది ఆమె, నాకేం గుర్తులేదండీ అనేది. తర్వాత పోలీసు కాగితం చదివింది. రెండో ఏడాదికి కల్వర్టు గుర్తొచ్చింది. మూడో ఏడాదికి టిఫిన్ డబ్బా గలగల కూడా వినిపించింది. ఒక్క వాక్యం మీద ఆమె గోడలు కట్టి, పైకప్పు వేసి, ఆ ఇంట్లో కాపురం పెట్టింది. అతను కళ్ళారా చూస్తూనే ఉన్నాడు. ఆ వాక్యం తను ఫోన్‌లో మంచిది అని ఒప్పుకున్నదే.

"నీ తప్పు కాదని ఎన్నిసార్లు చెప్పాను?" అన్నాడు.

"మీరలాగే అంటారు." ఝాన్సీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వింటున్నావా కుందనా, ఇన్నేళ్ళలో మీ నాన్న ఒక్క మాట అనలేదే నన్ను. ఇంకొకరైతే చంపేసేవారు."

ఆ మాట అన్నప్పుడల్లా అతనికి లోపల ఎక్కడో కొంచెం హాయిగా ఉండేది. నీ తప్పు కాదు అనడంలో తను సగం నిజం చెప్పేస్తున్నట్టు, తక్కిన సగం రేపో మాపో చెప్పేస్తే సరిపోతుందన్నట్టు. ఆ హాయికి అలవాటు పడ్డాడు. తొమ్మిదేళ్ళు గడిచాయి.

ఝాన్సీ ఫారం చదవలేదు. కుందన వీపు మీద పెట్టి, బడిపిల్లలా పెద్ద అక్షరాలతో సంతకం చేసి ఇచ్చింది.

*

మర్నాడు పది గంటలకు గేటు దగ్గర ఒక పెద్దావిడ కూర్చుని ఉందని వాచ్‌మన్ వచ్చి చెప్పాడు. అరవై దాటిన మనిషి. పేరు అప్పాయమ్మ. చేతిలో ల్యాబు నుంచి వెళ్ళిన నోటీసు నాలుగు మడతలై ఉంది.

"బాబుగోరూ, తెల్లారగట్ల బస్సెక్కితే ఇప్పటికి వచ్చేను. ఈ కాయితం ఏటంటదో సూడండి. నా కొడుకు పోయిన సోటు అది కాదంట, వేరే సోటంట. మా ఊరి పంతులుగోరు సదివి సెప్పేరు."

జోగేశ్వరరావు నంబరు చూశాడు. నాలుగు. చేపల బుట్టతో మోపెడ్ మీద వెళ్తున్న నూకరాజు, ఇరవై మూడేళ్ళు. టేపు రెండో కొస పట్టుకున్న కానిస్టేబుల్ తుమ్ముతూ ఉండటం గుర్తొచ్చింది. ఆరు వందలు వేసుకోండి అని తనే అన్నాడు.

"అవునమ్మా. అసలు చోటు జంక్షన్‌లో."

"అయితే సూపించండి."

జీపులో తీసుకెళ్ళాడు. ముందు తన చోటుకే పోనిమ్మంది. కల్వర్టు దాటాక రోడ్డు పక్కన ఒక తుమ్మచెట్టు. దాని మొదలు దగ్గర ఎండిన బంతిపూలు, పగిలిన మట్టి మూకుడు.

"పదేళ్ళు బాబూ. ఏటా ఆ తిథికి వత్తన్నాను. ఆడికి సేపల పులుసంటే పేణం. ఇక్కడే ఆకేసి పెట్టేదాన్ని. ఈ సెట్టుకి నీళ్ళు కూడా పోసేదాన్ని, ఆడి మీద నీడ పడతదని." ఆమె చెట్టు బెరడు మీద చెయ్యి వేసింది. "ఆడు ఇక్కడ లేనే లేడన్నమాట."

"జీపెక్కండమ్మా, ఎండగా ఉంది."

"వద్దు. నడిసే ఎల్తాను. ఎంత దూరం తప్పేనో తెలవాల గదా."

అతనూ దిగి నడిచాడు. ఆమె వెనక, ఆమె నడకకు తగ్గట్టు. అడుగులు లెక్కపెట్టకూడదనుకున్నాడు గాని లెక్క దానంతటదే సాగింది. కల్వర్టు మీద ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంది. పన్నెండు వందలు. పద్నాలుగు వందలు. పక్కనుంచి లారీ పోయినప్పుడల్లా ఆమె చీర కుచ్చెళ్ళు ఎగిరాయి. పదిహేను వందల పన్నెండో అడుగు దగ్గర డివైడర్ ఖాళీ వచ్చింది. కాగితం మీద అదంతా ఒక్క అంకె. రాయడానికి ఒక రెప్పపాటు పట్టింది.

"ఇక్కడమ్మా. ఈ మూడో తెల్ల గీత."

ఆమె బండ్లు ఆగేదాకా చూసి, గబగబా వెళ్ళి వంగి, అరచేత్తో తారును తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకుని వచ్చింది. అప్పుడు అడిగింది.

"ఎవరు బాబూ అలా రాసినోడు?"

"పాత కాగితాలమ్మా." అతను తెల్ల గీత వైపు చూశాడు. "తెలీదు."

"ఎండలో కొలిసేటప్పుడు లెక్క తప్పుంటాడు లెండి. ఆడేం కావాలని రాత్తాడా," అంది అప్పాయమ్మ. "మీలాటోరు ఉండబట్టి నా బిడ్డ నాకు దొరికేడు. సల్లగుండాల బాబూ."

ఆమెను బస్సెక్కించి ల్యాబుకు వచ్చాడు. సాయంత్రం ఐదు దాటేదాకా కుర్చీలో కూర్చున్నాడు. రుక్సానా రెండుసార్లు వచ్చి, ఒంట్లో బాగాలేదా సార్ అని అడిగి వెళ్ళింది. ఫారం జేబులోనే ఉంది. దాన్ని ఇవ్వకపోవడం ధైర్యం కాదని అతనికి తెలుసు. ఐదయ్యేదాకా ఊరుకుంటే నిర్ణయం గడియారానిది అవుతుంది. తను ఏదీ చేయకుండా జరిగిపోయేలా చూసుకోవడం అతనికి బాగా వచ్చు.

*

సోమవారం పొద్దున ముగ్గురూ ఆటోలో వచ్చారు. ఝాన్సీ తొమ్మిదేళ్ళలో ఆ జంక్షన్ ముఖం చూడలేదు. రానని మొండికేస్తే, "మూయించలేదు. ముందు నువ్వు చూడాలి. ఒక్కసారి రా," అన్నాడు. అంతకుమించి చెప్పలేకపోయాడు. ఆమె అతని ముఖం చూసి చెప్పులేసుకుంది.

తెర చుట్టూ ఇరవైమంది దాకా ఉన్నారు. సంతకు వచ్చినవాళ్ళు, కాలేజీ పిల్లలు. ఒకాయన, మా బామ్మర్ది బైకు పడింది కూడా ఉంటదా ఇందులో అని అడుగుతున్నాడు. తాగి పడితే ఉండదులే అని ఎవరో అంటే నవ్వారు. కుందన పొట్టి కాలికి వేసుకునే ఎత్తు చెప్పు టకటకలాడించుకుంటూ ముందుకు వెళ్ళి ఎనిమిదో నంబరు తాకింది.

రోడ్డు బొమ్మ వచ్చింది. డివైడర్ ఖాళీలో చిన్న నీలం చుక్క. కదలదు. దాని పక్కన సెకన్లు పెరుగుతున్నాయి. పది, ఇరవై, నలభై.

"ఇది మనం కాదు," అంది ఝాన్సీ.

"మనమే అమ్మా. తేదీ చూడు."

"నేను ఆగలేదే. తిప్పేశాను."

"ఆగావమ్మా. ఇదుగో, నీ ఎడమ కాలు. కింద పెట్టి ఉంది." కుందన ఆ అదుము మీద వేలు పెట్టింది. "నువ్వు ఆగే ఉన్నావు."

పడమటి వైపు నుంచి ఎర్ర గీత ఒకటి వచ్చి నీలం చుక్కను తాకింది. బొమ్మ నిలిచిపోయింది. ఝాన్సీ దాన్నే చూస్తూ ఉంది. తర్వాత తల తిప్పి అసలు రోడ్డును, ఆ ఖాళీని, అక్కడ కాలు కింద పెట్టి ఆగి ఉన్న ఎవరో అమ్మాయి స్కూటర్‌ను చూసింది.

"టిఫిన్ డబ్బా?" అంది మెల్లగా. ఎవరినీ అడగలేదు.

కుందన పక్క గడి చదువుతోంది. "కల్వర్టుకు తూర్పున నూట ఎనభై మీటర్లు. సంతకం, ముత్యాలరావు. నాన్నా, ముత్యాలరావు అంకులేనా? మనకి ఆస్పత్రికి క్యారియర్ తెచ్చేవారు?"

"ఆయనే. రాసేముందు నాకు ఫోన్ చేశాడు," అన్నాడు జోగేశ్వరరావు. "నేను మంచిదన్నాను."

ఇద్దరూ అతని వైపు తిరిగారు.

"అంతకు ముందు ఏడూ నేనే రాశాను. ఇక్కడ జరిగినవన్నీ అవతల రాశాను. రాయకపోతే అప్పటికే ఇక్కడ సిగ్నల్ ఉండేది." ఇన్నేళ్ళూ పెద్ద కథ అనుకున్నది మూడు వాక్యాలకే అయిపోవడం అతనికి వింతగా అనిపించింది.

ఝాన్సీ తెర మీది నీలం చుక్కను మరోసారి చూసింది. ఆమె గొంతులో కోపం కూడా లేదు.

"నా తప్పు కాదని వెయ్యిసార్లు చెప్పారు మీరు. మంచాన ఉన్నప్పుడు చెప్పారు, ఇంటికొచ్చాక చెప్పారు, మొన్న కూడా చెప్పారు. అంత గట్టిగా ఎలా చెప్పగలుగుతున్నారని ఒక్కసారైనా అడగలేదండీ నేను. మంచితనం అనుకున్నాను." కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. "కుందనా, పద."

"నాన్న?"

"ఆయన ఉంటారు. ఇంకా ఏడున్నాయిగా."

కుందన రెండడుగులు వేసి, వెనక్కి చూసి, మళ్ళీ నడిచింది. ఎత్తు చెప్పు చప్పుడు జనంలో కాసేపు వినిపించింది. ఆటో వాళ్ళను ఎక్కించుకుని, ఖాళీ దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి దాటింది.

జోగేశ్వరరావు తెర దగ్గరే ఉండిపోయాడు. జనం పలచబడ్డారు. ఎండ గాజు మీదికి ఎక్కుతుండగా భుజం పక్కన ఎవరో నిలబడినట్టయింది. అప్పాయమ్మ. చేతిలో విస్తరాకులో బంతిపూలు, మూతకట్టిన స్టీలు గిన్నె.

"మీరున్నారు, బతికేను," అంది. "నాకు సదువు లేదు గదా. ఆ రాసినోడి పేరు ఇందులో ఉంటదంట. సదివి పెట్టండి బాబూ."

అతను నాలుగో నంబరు తాకాడు. ముందు ఏడు చదివాడు. నెల చదివాడు. మోపెడ్ ఎటు వెళ్తోందో, వ్యాన్ ఎంత వేగంతో వచ్చిందో, మూడో తెల్ల గీత దగ్గర ఏం జరిగిందో చదివాడు. నూకరాజు ఎన్ని నిమిషాలు ప్రాణంతో ఉన్నాడో రాసిన చోట అతను ఆగితే, ఆమె "సదవండి," అంది. చదివాడు. పక్క గడిలోకి వచ్చాడు. కల్వర్టుకు తూర్పున ఆరు వందల మీటర్లు. స్థలం కొలిచి ధ్రువీకరించినవారు, జోగేశ్వరరావు.

అప్పాయమ్మ ఆ పేరును పెదవులతో ఒకసారి పలికి చూసుకుంది. అతని పేరు ఆమె ఎన్నడూ అడగలేదు.

"ఈయన ఇప్పుడు ఎక్కడుంటాడో మీకు తెలుసా బాబూ?"

"ఇక్కడే అమ్మా," అన్నాడు.

ఆమె చుట్టూ చూసింది. ఇంకెవరూ లేరు. అప్పుడు అతని ముఖంలోకి చూసింది. చూస్తూనే చేతిలోని గిన్నెను మెల్లగా, ఒలకకుండా, రొమ్ముకు దగ్గరగా లాక్కుంది.